నాబోతు ఊరికి వచ్చిన ఉత్తరం

బెంగళూరులో తెలుగు సండే స్కూలు టీచర్లు, యవ్వనస్తుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం

 

నాకిచ్చిన అంశం పిల్లలకు టెక్నాలజీ గురించి, డిజిటల్ పౌరసత్వం గురించి తరగతిలో ఎలా నేర్పాలి అని. బెంగళూరులో ఈ మాట అనగానే అందరూ గోడమీది తెర వైపు చూస్తారు. నా దగ్గర పవర్‌పాయింట్ లేదు. ఇదిగో, ఈ డబ్బా నిండా చింతగింజలున్నాయి. వీటి సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా పిల్లలకు పాఠం చెప్పే అర్హత నాకు రాదు.

2018 మే నెల. మా సంఘంలో వి.బి.ఎస్. జరుగుతోంది. ఒక రాత్రి పదకొండు గంటలకు నా ఫోనుకు తెలుగులో ఒక మెసేజి వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందనీ, బిచ్చగాళ్ళ వేషంలో, సామాన్లమ్మేవాళ్ళ వేషంలో తిరుగుతున్నారనీ, పోలీసులే హెచ్చరించారనీ. పంపినాయన నాకు బాగా తెలిసిన విశ్వాసి. తెల్లారితే చిన్నచిన్న పిల్లలు సందుల్లోంచి నడుచుకుంటూ మా చర్చికి రావాలి. నాకు భయం వేసింది. వచ్చింది వచ్చినట్టే సంఘం గ్రూపులో పెట్టేశాను. పెట్టి ఊరుకోలేదు, కింద "పిల్లల కోసం ప్రార్థించండి" అని రాసి, జోడించిన చేతుల బొమ్మ కూడా పెట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం మా వీధి చివర గోల. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ ఒకరు వచ్చింది. గుమ్మంలో ఆడుకుంటున్న పాపను "అమ్మ ఉందా?" అని అడిగింది. అంతే, ఆమె చేసిన నేరం అదే. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి గంప బోర్లా పడుంది. గిన్నెలు మోరీలో ఉన్నాయి. ఆమె జుట్టు ఎవరి చేతిలోనో ఉంది. ఆమె మొత్తుకుంటున్నది తెలుగులో. అనంతపురం వైపు యాస. ఇంకెవరో పోలీసులకు ఫోను చేశారు గనక ఆమె ప్రాణంతో జీపెక్కింది. గుంపులో మా సంఘస్థుడొకాయన నా దగ్గరికి వచ్చి, నన్ను మెప్పిస్తున్నట్టు ఫోను చూపించాడు. "చూడండి పాస్టరుగారూ, మీరు పంపిందే కదా." కింద నా ప్రార్థన. జోడించిన చేతులు.

మర్నాడు వి.బి.ఎస్.లో పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె అడిగింది, "అంకుల్, ఆ ముఠాను ఎవరు చూశారు?" ఏం చెప్పను? నాకు పంపినాయన్ని నేను అడగలేదు. మా గ్రూపులో ఉన్నవాళ్ళెవరూ నన్ను అడగలేదు. పాస్టరు పెట్టాడు కదా అనుకున్నారు.

మా వీధిలో జరిగింది చిన్న సంగతి. అదే వారంలో, మే 23న, ఇదే నగరంలో చామరాజపేటలో రాజస్థాన్ నుంచి పని కోసం వచ్చిన ఒక యువకుణ్ణి పిల్లల దొంగ అని కట్టేసి, ఈడ్చి, కొట్టారు. అతను చనిపోయాడు. మూడు రోజుల తర్వాత హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అదే అనుమానంతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చంపేశారు. జూలై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరొకాయన్ని చంపారు. ఆయన, స్నేహితులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లిచ్చారు, అదీ కారణం. వాళ్ళ కారు పక్క ఊరు చేరకముందే వాట్సాప్ అక్కడికి చేరింది. అక్కడ దారి కాచి ఉన్నారు. చనిపోయిన వాళ్ళందరూ ఊరికి కొత్తవాళ్ళు, లేకపోతే ఊరు తనవాళ్ళని ఒప్పుకోని వాళ్ళు. బెంగళూరులో తెలుగువాళ్ళం మనం కూడా ఎవరో ఒకరి వీధికి కొత్తవాళ్ళమేనని గుర్తు చేస్తున్నాను.

ఇక్కడున్న పెద్దవాళ్ళకు 2012 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. అస్సాంలో కోక్రాఝార్ వైపు గొడవలు జరిగాయి. రంజాన్ అయ్యాక ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద ఇక్కడ దాడులు జరుగుతాయని ఎసెమ్మెస్‌లు తిరిగాయి. ఎక్కడో జరిగిన భూకంపం, తుపాను ఫొటోలను మారణకాండ ఫొటోలని తిప్పారు. ఆగస్టు 15 రాత్రి నుంచి సిటీ రైల్వే స్టేషను నిండిపోయింది. గువాహటికి ప్రత్యేక రైళ్ళు వేశారు. సెక్యూరిటీ గార్డులు, హోటలు పిల్లలు, నర్సింగ్ విద్యార్థులు వేలమంది జీతం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. వాళ్ళలో ఎందరో మనలాగే ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళు. ఐదుకు మించి ఎసెమ్మెస్‌లు ఒక్కసారిగా పంపకుండా ప్రభుత్వం పదిహేను రోజులు ఆంక్ష పెట్టింది. ఆరేళ్ళ తర్వాత, 2018 జూలైలో, వాట్సాప్ కూడా మన దేశంలో ఫార్వర్డును ఐదు చాట్లకు పరిమితం చేసింది. అప్పుడూ ఐదే, ఇప్పుడూ ఐదే. ఆ ఐదు గురించే ఈ చింతగింజలు.

మా తరగతిలో ఏం చేశామో చెబుతాను. ఒక అబ్బాయి మధ్యలో నిలబడ్డాడు. అతని దగ్గర ఒక గింజ. అతను ఐదుగురికి పంపాడు, ఐదు గింజలు. ఆ ఐదుగురూ తలా ఐదుగురికి పంపితే ఇరవై ఐదు. తర్వాత నూట ఇరవై ఐదు. అక్కడిదాకా పిల్లలకు ఆటే. నాలుగో విడత 625 గింజలు లెక్కపెట్టేసరికి వాళ్ళకు ఓపిక పోయింది, నా డబ్బా అడుగంటింది. ఐదో విడత బోర్డు మీద వేశాం, 3125. అది కూడా మనిషికి మనిషి పంపితే. ఐదు చాట్లు అంటే ఐదుగురు మనుషులు కాదు. ఆ రోజుల్లో ఒక గ్రూపులో 256 మంది దాకా ఉండొచ్చు. ఐదు గ్రూపులకు ఒక్కడు ఒక్కసారి నొక్కితే 1280 మంది. ఇది మా ఎనిమిదో తరగతి పిల్లాడు నన్ను ఆపి చెప్పిన లెక్క, నాకు తోచలేదు.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. "ఆ వార్త అబద్ధమని తెలిసింది. గింజలన్నీ వెనక్కి తీసుకురండి" అన్నాను. పిల్లలు బెంచీల కింద దూరారు. బీరువా కింద చేతులు పెట్టారు. గింజలు కొన్ని కిటికీలోంచి బయట పడ్డాయి. ఒకటి రెండు చిన్నపిల్లల జేబుల్లోకి వెళ్ళాయి. పంచడానికి పట్టిన టైముకంటే ఎక్కువసేపు వెతికినా లెక్క సరిపోలేదు. నేనేమీ వ్యాఖ్యానం చేయలేదు. తర్వాతి ఆదివారం ఒక పాప హార్మోనియం వెనక దొరికిందని ఒక గింజ తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇలాంటి శిక్షణలు బళ్ళలో ఇప్పుడు చాలా జరుగుతున్నాయి, మంచిదే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, తెలియనివాళ్ళతో చాటింగ్ వద్దు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, పిల్లలు ఆపదలో ఉంటే 1098. ఇవి ప్రతి పిల్లకూ నోటికి రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ శిక్షణ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నా బిడ్డకు ఏం కాకుండా ఎలా చూసుకోవాలి? నా బిడ్డ బొటనవేలి వల్ల ఇంకొకరి బిడ్డకు ఏమవుతుంది అన్న ప్రశ్న అందులో రాదు. మోషే ధర్మశాస్త్రంలో తొమ్మిదో ఆజ్ఞ సరిగ్గా ఆ రెండో ప్రశ్న మీదే ఉంది. మనం దాన్ని "అబద్ధాలాడకూడదు" అని చిన్నది చేసి పిల్లలకు నేర్పేశాం. ఆ ఆజ్ఞలో ఉన్నది పొరుగువాడు, అతని మీద చెప్పే సాక్ష్యం. పూర్వం అది రచ్చబండ మీద, ఊరి గవిని దగ్గర జరిగే పని. ఒక మనిషి చావో బ్రతుకో ఆ మాట మీద ఆధారపడి ఉండేది. అందుకే ద్వితీయోపదేశకాండం పంతొమ్మిదో అధ్యాయం ఒక్క సాక్షి మాట చాలదంటుంది. ఇద్దరో ముగ్గురో ఉండాలి, న్యాయాధిపతులు బాగా విచారించాలి. ఫార్వర్డు చేయడమంటే సాక్ష్యం చెప్పడమే. మనం చూడనిదానికి మనం సంతకం పెట్టడం.

మా పిల్లలతో నేను చదివించే భాగం మొదటి రాజులు 21. నాబోతు ద్రాక్షతోట. కథ మీకు తెలుసు. రాజు అహాబు ఆ తోట కావాలన్నాడు, పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. రాజు మూతి ముడుచుకుని పడుకున్నాడు. అప్పుడు యెజెబెలు ఏం చేసింది? సైన్యాన్ని పంపలేదు. ఉత్తరాలు రాసింది. రాసింది ఆమె, పేరు రాజుది, ముద్ర రాజుది. ఊరి పెద్దలకు పంపింది. ఉపవాస దినం చాటించండి, నాబోతును పదిమంది ముందు కూర్చోబెట్టండి, ఇద్దరు పనికిమాలినవాళ్ళతో సాక్ష్యం చెప్పించండి, రాళ్ళతో కొట్టి చంపండి అని. ఉత్తరంలో ఎలా ఉందో పెద్దలు అలాగే చేశారు. ఇద్దరు సాక్షులుండాలన్న ధర్మశాస్త్రం లెక్క కూడా తప్పలేదు చూడండి.

దీన్ని తరగతిలో ఆడించాం. పదిమంది పిల్లలు ఊరి పెద్దలు. ఒక్కొక్కరికి మైనం ముద్ర వేసిన కాగితం ఇచ్చాను. మైనం అంటే క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తులే. "ఇది చదివాక మీరు ఏం చేస్తారు?" మొదటి అబ్బాయి వెంటనే అన్నాడు, "రాజుగారి ముద్ర ఉంది కదా అంకుల్." రెండోవాడు, "ఉపవాసం పెట్టమన్నారు కదా, మంచి పనే." నాకు నా జోడించిన చేతులు గుర్తొచ్చాయి. ఆ ఉత్తరం కూడా భక్తితోనే మొదలైంది. చివరికి ఒక పాప, ఆ పాప తండ్రి మేస్త్రి పని చేస్తాడు, మెల్లగా అడిగింది, "నాబోతును ఎవరూ అడగలేదేంటి?" ఇంకొకడు, "తోట చివరికి ఎవరికి పోయింది?" ఆ తరగతి పిల్లలు బోర్డు మీద రాసుకున్న ప్రశ్నలు నాలుగే. రాసింది ఎవరు, ఎవరి పేరు పెట్టారు, ఎవరిని అడగలేదు, ఎవరికి లాభం. ఏ మెసేజికైనా అవే వాడుతున్నారు. ఫొటోలో మనిషి వేళ్ళు లెక్కపెట్టు, ఆరుంటే కంప్యూటరు బొమ్మ అని నేర్పేవాళ్ళున్నారు. యంత్రం ఇప్పుడు వేళ్ళు సరిగ్గానే వేస్తోంది, గొంతు కూడా అచ్చం దించుతోంది. కిటుకులు పాతబడతాయి. నాబోతును అడిగారా అన్న ప్రశ్న పాతబడదు.

ఇప్పుడు మన గ్రూపుల సంగతికి రండి. ఇక్కడున్నవాళ్ళలో ఆఫ్ఘనిస్తాన్‌లో ఇరవై ఇద్దరు మిషనరీలకు రేపు మరణశిక్ష అన్న మెసేజి అందుకోనివారు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. ఒక్క చెయ్యి లేదు. ఆ మెసేజి 2009 నుంచి తిరుగుతోంది. అందులో "రేపు" అని ఉంటుంది, తేదీ ఉండదు. నేను దాన్ని అచ్చు తీసి పిల్లలకు ఇచ్చి, తేదీ, ఊరు, పంపినవాళ్ళ పేరు వెతికి గుండ్రం చుట్టమంటాను. పెన్సిలు పట్టుకుని కూర్చుంటారు. చుట్టడానికి ఏమీ ఉండదు. ఒక పెద్దాయన నా మీద కోప్పడ్డారు కూడా, ప్రార్థన చేస్తే నష్టమేంటయ్యా అని. నష్టముంది అన్నాను. 2008లో కంధమాల్‌లో మనవాళ్ళ ఇళ్ళు నిజంగా కాలాయి, ప్రాణాలు నిజంగా పోయాయి. రేపు అలాంటిది జరిగి మనం కేక వేసినప్పుడు, ఇంతకాలం అబద్ధాలు మోసిన నోటిని ఎవరు నమ్ముతారు? నిజమైన బాధితుల కోసమైనా మన సాక్ష్యాన్ని శుభ్రంగా ఉంచుకోవాలి.

యవ్వనస్తులతో నేను మణిపూర్ గురించి మాట్లాడతాను. చిన్నపిల్లలతో కాదు. 2023 మేలో అక్కడ గొడవలు మొదలైనప్పుడు ఢిల్లీలో హత్యకు గురైన ఒక అమ్మాయి ఫొటోను, మన జాతి అమ్మాయిని చంపేశారంటూ తిప్పారు. ఆ అబద్ధం మీద కోపాలు రగిలాయి. ఇంటర్నెట్ ఆపేశారు. మే 4న ఇద్దరు స్త్రీలకు జరిగిన అవమానం వీడియో జూలై 19 దాకా బయటికి రాలేదు. వచ్చాకే దేశం కదిలింది, మర్నాడే సుప్రీంకోర్టు తనంతట తానుగా పట్టించుకుంది. అంటే అబద్ధపు ఫొటో మంటపెట్టింది, నిజమైన వీడియో నిద్రలేపింది. ఫోను సాతాను పనిముట్టు అని ప్రసంగించి చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. ఆ వీడియో కూడా, న్యాయం పేరుతో మనం షేర్ చేసిన ప్రతిసారీ, ఆ ఇద్దరి మానాన్ని మళ్ళీ వీధిలో పెట్టింది. మరి పంపాలా వద్దా? మా యూత్ ఈ ప్రశ్న మీద రెండు వారాలు వాదించుకున్నారు. తేల్చలేదు. నేనూ తేల్చలేదు.

దీనికి దగ్గరిదే కరాచీ వీడియో. 2018లో పిల్లల దొంగలని తిరిగిన వీడియోల్లో ఒకటి నిజానికి పాకిస్తాన్‌లో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. బైకు మీద వచ్చినవాళ్ళు పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు, వెంటనే వెనక్కి తెచ్చి దింపి, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని ఒక అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. మేం దాన్ని నాలుగు బొమ్మల కాగితంగా గీయించాం. చివరి రెండు బొమ్మలు వెనక్కి మడిచి పిల్లలకు ఇచ్చి, ఏం చేయాలో రాయమన్నాం. "పోలీసులకు చెప్పాలి" అని కొందరు, "పట్టుకుని కొట్టాలి" అని ఎక్కువమంది. తర్వాత మడత విప్పమన్నాం. గోలగోలగా ఉన్న గది చప్పున చల్లారింది. ఒకడు మాత్రం ఊరుకోలేదు. "మడతపెట్టింది మీరే కదా అంకుల్, తప్పు మీదే." నిజమే నాన్నా, నాదే. మరి కొట్టాలని రాసిన చెయ్యి ఎవరిది అన్నాను. వాడు కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మీరు గమనించారో లేదో, ఇంతవరకు చెప్పిన వాటిలో ఒక్కదానికీ ఫోను అక్కర్లేదు. కావాలనే. నా తరగతిలో సగం మంది అపార్ట్‌మెంట్లు కట్టే చోట రేకుల షెడ్లలో ఉండే పిల్లలు. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్ళ పిల్లలు. ఇంటికి ఒకే ఫోను, అది నాన్నతో పొద్దున పోతే రాత్రికి వస్తుంది. మిగతా సగం ఐటీ ఉద్యోగుల పిల్లలు, తలా ఒక ట్యాబు. 2020లో బళ్ళు మూసినప్పుడు కర్ణాటక ప్రభుత్వం విద్యాగమ అని పెట్టి టీచర్లను పిల్లల దగ్గరికే పంపింది. అప్పుడు పిల్లల్ని విడదీసింది మార్కుల్ని బట్టి కాదు, ఇంట్లో ఏ పరికరం ఉంది, ఏదీ లేదు అన్నదాన్ని బట్టి. నేను ఆ విభజనను చర్చిలోకి తేదలచుకోలేదు. టీచర్లకు నా మనవి, ఫోన్లు తెమ్మనకండి. లేనివాడు తలవంచుకుంటాడు, ఉన్నవాడు ఆట ఆడుకుంటాడు.

లేనివాడే ఒక విషయంలో పెద్దవాడు, అది కూడా తెలుసుకోండి. షెడ్డు పిల్లల్లో పదేళ్ళ వాడు ఇంటికి డిజిటల్ గుమస్తా. అమ్మా నాన్నలకు చదువు రాదు. గ్యాస్ బుకింగు, ఫోన్‌పే, రేషను ఓటీపీ అన్నీ వాడే చూస్తాడు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మంచి చట్టమే. కానీ ఆ షెడ్డులో "అంగీకరిస్తున్నాను" అన్న బొత్తాన్ని నాన్న తరఫున నొక్కేది ఆ పిల్లాడే. అందుకని మేం ఒక ఆట పెట్టాం. ఒకడు టార్చిలైటు యాప్. వాడు తరగతంతా తిరిగి "నీ ఫోన్లో నంబర్లన్నీ ఇవ్వు, నీ ఫొటోలు ఇవ్వు, నువ్వెక్కడున్నావో చెప్పు" అని అడగాలి. పిల్లలు "లైటు వేయడానికి అది ఎందుకు?" అని ఎదురడగాలి. మొదటిసారి అందరూ ఇచ్చేశారు. టీచరు ఆడమన్నారు కదా అని. పెద్దవాళ్ళు అడిగితే ఇచ్చేయాలని మనం నేర్పిన వినయం ఎంత ప్రమాదమో నాకు ఆ రోజు అర్థమైంది.

ఆడపిల్లల మాట ఒకటి. మన ఇళ్ళలో ఏదైనా గొడవ వస్తే అబ్బాయి ఫోనుకు పాస్‌వర్డు మారుతుంది, అమ్మాయి ఫోను బీరువాలోకి పోతుంది. 2019లో కోళికోడ్‌లో హాస్టలు విద్యార్థిని ఒకరు, సాయంత్రం ఫోను వాడకూడదన్న నియమాన్ని ఒప్పుకోనందుకు హాస్టలు నుంచి బయటికి పంపితే, కేరళ హైకోర్టుకు వెళ్ళింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కోర్టు చెప్పింది. పాస్టర్లు, తండ్రులు ఈ తీర్పు తెలుసుకోవాలి. ఎవరైనా వేధిస్తే అమ్మాయి మనతో చెప్పదు, చెబితే ఫోను పోతుందని భయం. వేధించేవాడికి కావలసింది కూడా అదే.

ఇక మన సంస్థల మీద ఒక మాట. కష్టంగా ఉంటుంది, ఓర్చుకోండి. మనం నోటుపుస్తకాలు పంచుతాం, దుప్పట్లు పంచుతాం, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెడతాం. అనాథ పిల్లల ముఖాలు కనిపించేలా పెడతాం. బాలల న్యాయ చట్టం 2015లో 74వ సెక్షను సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదంటోంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చారు. ఆ కేసు వేసినాయన మన బెంగళూరు వారే, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఎనభై దాటిన వయసులో కోర్టుకెక్కారు. మేం వి.బి.ఎస్. ముగింపు రోజున ప్రతి పిల్లకూ ఎర్ర అట్టముక్క ఒకటి ఇచ్చాం. ఫొటో వద్దనుకుంటే అది ఎత్తొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. నోటుపుస్తకం అందుకునేటప్పుడు షెడ్డు పిల్లలు చాలామంది ఎత్తారు. పాట పాడేటప్పుడు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఫొటో అంటే వాళ్ళకు అయిష్టం లేదు. చేయి చాచినప్పటి ఫొటో వద్దు, అంతే.

ఇవన్నీ నేను కనిపెట్టినవని అనుకోకండి. కేరళ కన్నూరు జిల్లాలో కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ తప్పుడు వార్తలను గుర్తించడం గురించి సత్యమేవ జయతే అనే పేరుతో దాదాపు నూట యాభై ప్రభుత్వ బళ్ళలో పాఠాలు చెప్పించారు. దానికి ముందు టీకా మీద వచ్చిన వదంతులు నమ్మి అక్కడ తల్లిదండ్రులు పిల్లలకు టీకా వేయించలేదు. మన తెలుగు నేల మీద చూస్తే, 2018లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి. మీ షెడ్డు పిల్లల సొంతూళ్ళు ఆ వైపువే. జనం చీకటి పడితే తలుపులు బిగించుకుంటున్నారని తెలిసి, ఒక్కో పల్లెకు ఒక పోలీసును అప్పగించి, డప్పు కొట్టించి, పాట కట్టించి ఆ వదంతులు అబద్ధమని ఇంటింటికీ చెప్పించారు. నాలుగు వందలకు పైగా ఊళ్ళు. చుట్టుపక్కల ప్రాణాలు పోయిన ఆ వేసవిలో అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు. పోలీసు డప్పు పట్టుకున్నప్పుడు, డప్పుతో పుట్టి పెరిగిన సంఘాలం మనం ఎందుకు పట్టుకోకూడదు?

ఆ గిన్నెలావిడ సంగతి ఏమైందని మీలో కొందరు అడుగుతారు. స్టేషనులో సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపేశారు. నేను వెళ్ళేసరికి ఆమె లేదు. మోరీలోంచి తీసిన గిన్నెలు తొమ్మిది, కడిగి చర్చిలో పెట్టాను. ఆమె మళ్ళీ మా వీధికి రాలేదు. గ్రూపులో మాత్రం, నేను పంపింది అబద్ధమని, తప్పు నాదని, ఆ రాత్రే రాశాను. మొదటి మెసేజిని చూసినవాళ్ళలో సగం మంది కూడా ఇది చూడలేదు. మా పిల్లలతో ఇప్పుడు దీన్నీ ఒక పాఠంగానే చేయిస్తున్నాం, "నేను పొరబడ్డాను" అని రెండు వాక్యాల్లో రాయడం. ఆ పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పాఠం అదే. నాబోతు ఉత్తరాన్ని ఇట్టే పట్టేసినవాళ్ళు ఇక్కడ పెన్సిలు నములుతూ కూర్చుంటారు.

టీ వచ్చినట్టుంది. నాలుగు బొమ్మల కాగితం, ఉత్తరం నమూనా జిరాక్సులు బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. చింతగింజలు మీ ఇళ్ళలోనే దొరుకుతాయి. దొరక్కపోతే నన్నడగండి, మా ఆవిడ ఇంకో రెండు డబ్బాలు దాచి ఉంచింది. ఇప్పుడు ఈ డబ్బా మూత తీస్తున్నాను. ముందు వరుసలో చెల్లెమ్మా, మీరు ఐదు తీసుకోండి.